పరాయి దేశంలో అద్దె ఇల్లు: మేం ముగ్గురం పడ్డ తిప్పలు

(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ముగ్గురం. షోలాపూర్ పూర్వ భాగంలో పక్కపక్క గల్లీల్లో పెరిగినవాళ్లం. 2024 సెప్టెంబరులో జర్మనీకి టెక్స్‌టైల్ చదువుకు వెళ్లాం, ఇప్పుడు సెలవులకు వచ్చాం. పెద్దలు పిలిచి "విదేశీ చదువు మీద పిల్లలకు నాలుగు మాటలు చెప్పండిరా" అన్నారు. అడ్మిషన్ గురించీ వీసా గురించీ చెప్పడానికి ఇప్పుడు ఊరూరా కన్సల్టెన్సీలు ఉన్నాయి. మాకు ఎవరూ చెప్పనిది ఒకటుంది. అది ఇల్లు. విమానం దిగాక ఆ రాత్రి ఎక్కడ పడుకుంటాం, మరుసటి నెల ఎక్కడుంటాం అన్నది. అదే చెబుతాం.

నిలబడి మాట్లాడేది ఒక్కరమే అయినా మాట ముగ్గురిదీ. ఏది ఎవరికి జరిగిందో విడదీసి చెప్పం. ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

మేం చదివే ఊరి పేరు మ్యోన్షెన్‌గ్లాడ్‌బాఖ్. పలకడానికే మాకు వారం పట్టింది, మీరు కష్టపడకండి. డ్యూసెల్‌డోర్ఫ్‌కు దగ్గర. ఒకప్పుడు నూలు మిల్లుల ఊరు, రైన్ సీమ మాంచెస్టర్ అని పేరుండేది. పక్కనే క్రేఫెల్డ్ ఉంది, అది పట్టుకూ మఖ్మల్‌కూ పేరు పడ్డ ఊరు. పాతకాలంలో అక్కడి సాలెలు కూడా మనలాగే ఇంట్లోనే మగ్గం పెట్టుకుని నేసేవాళ్లట. నేత ఊరు నుంచి నేత ఊరికే పోతున్నామని మా ఇళ్లలో ఒకటే సంబరం.

మా తాతలు తెలంగాణ పల్లెల నుంచి షోలాపూర్‌కు వచ్చినప్పటి సంగతి ఇంట్లో ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. చేతిలో మూట, నోట్లో ఊరి పేరు. "ఫలానా ఊరోళ్లం" అంటే చాలు, ఆ ఊరివాళ్లు ఎవరో ఒకరు కార్ఖానాలో మగ్గాల నడుమ చాప పరిచేవాళ్లు. పగలు నేయడం, రాత్రి అక్కడే పడుకోవడం. ఇల్లు తర్వాత సంగతి. మనకు ముందు మనిషి దొరికేవాడు, మనిషి వెనక ఇల్లు దొరికేది. జర్మనీలో అది తలకిందులు. అక్కడ ముందు కాగితం కావాలి. కాగితం ఉంటేనే ఇల్లు, ఇల్లు ఉంటేనే కాగితం. ఈ ముడి విప్పడానికి మాకు ఆరు వారాలు పట్టింది.

ముందు డబ్బు సంగతి. వీసాకు ఒక్కొక్కరం బ్లాక్డ్ అకౌంట్‌లో 11,208 యూరోలు వేశాం. అప్పటి లెక్క అది, ఆ తర్వాత 11,904కు పెంచారు. మన డబ్బులో పది లక్షల పైమాటే. అక్కడికి చేరాక అందులోంచి నెలకు 934 యూరోలు మన చేతికి వస్తాయని చెప్పారు. నిజమే. కానీ ఆ 934 వచ్చి పడడానికి అక్కడి బ్యాంకులో మామూలు ఖాతా ఉండాలి. మేం వెళ్లిన బ్యాంకు, ఖాతా తెరవాలంటే ఊళ్లో నివాసం నమోదు చేసుకున్న పత్రం తెమ్మంది. దాన్ని ఆన్‌మెల్డుంగ్ అంటారు. నమోదుకు నగరపాలక కార్యాలయానికి పోతే, ఇంటి యజమాని "వీళ్లు నా ఇంట్లో దిగారు" అని సంతకం చేసిన కాగితం తెమ్మన్నారు. యజమానుల దగ్గరికి పోతే, జర్మనీలో మీ బ్యాంకు ఖాతా ఏది, జీతం పత్రం ఏది, షూఫా ఏది అని అడుగుతారు. షూఫా అంటే మీరు ఎవరికీ బాకీ ఎగ్గొట్టలేదని చెప్పే నివేదిక. నిన్న విమానం దిగినవాడికి షూఫా ఎక్కణ్ణించి వస్తుంది? మేం ఎగ్గొట్టడానికి మాకు అప్పు ఇచ్చినవాడెవడు?

ఇదంతా తిరిగి తిరిగి మొదటికే వచ్చేది. కండె తిరిగినట్టు తిరిగాం గానీ బట్ట మాత్రం అంగుళం నేయలేదు. అక్కడ ముగ్గురి పేరిట ముప్పై లక్షల పైచిలుకు డబ్బు ఉంది. ఇక్కడ మేం రొట్టె ముక్కకు లెక్క చూసుకుంటున్నాం. ఇంటి నుంచి తెచ్చుకున్న ఫారెక్స్ కార్డు మీదే అన్ని రోజులూ నడిచింది.

విద్యార్థి హాస్టల్‌కు దరఖాస్తు పెట్టలేదా అని మీరు అడుగుతారు. పెట్టాం, జూలైలోనే. వెయిటింగ్ లిస్టు. మా వంతు వచ్చిందని ఉత్తరం వచ్చేసరికి తొమ్మిది నెలలు గడిచాయి. అప్పటికి మా వంటింట్లో రెండో గ్యాలను నూనె అయిపోయింది. పిల్లలకు చెప్పేదేమంటే, అడ్మిషన్ లెటర్ చేతికి వచ్చిన రోజునే హాస్టల్‌కు పెట్టండి. వీసా వచ్చాక చూద్దామనుకుంటే మాలాగే అవుతుంది.

ఇక మోసం సంగతి. ఇది చెప్పడానికే మేం ఇవాళ ఒప్పుకున్నాం.

మాలో ఒకడు షోలాపూర్‌లో ఉండగానే నెట్‌లో ఒక ఇల్లు చూశాడు. ఫోటోలు బాగున్నాయి. చెక్క నేల, తెల్ల గోడలు, కిటికీలో పూలకుండీ. అద్దె తక్కువ. యజమానినని ఒకాయన మంచి ఇంగ్లీషులో మెయిల్ రాశాడు. తాను ఉద్యోగం మీద వేరే దేశంలో ఉన్నాననీ, చూపించడానికి రాలేననీ, డిపాజిట్, మొదటి నెల అద్దె కలిపి 780 యూరోలు పంపితే తాళంచెవి కొరియర్లో వేస్తాననీ. పాస్‌పోర్టు నకలు కూడా పంపాడు. కాంట్రాక్టు మీద ముద్ర కూడా ఉంది. మనవాడు సంతోషంతో ఇంట్లో చెప్పాడు, ఇల్లు దొరికింది నాయినా అని. డబ్బు పంపాడు. ఆ ఇల్లు ముగ్గురికీ చాలుతుందని మేం మిగతా ఇద్దరం కూడా ఇంకేమీ వెతకలేదు. తప్పు ఒక్కడిది కాదు.

తాళంచెవి రాలేదు. పోస్టులో ఆలస్యం, నేరుగా వచ్చెయ్యండి అన్నాడు. పోయాం. పెట్టెలు ఈడ్చుకుంటూ ఆ అడ్రసుకు చేరాం. వీధి ఉంది, ఇల్లు ఉంది, కిటికీలో పూలకుండీ కూడా ఉంది. గంట కొడితే ఒక ఆడమనిషి వచ్చింది. ఆమె మా ముఖాలూ పెట్టెలూ చూసి, మేం నోరు విప్పకముందే తల అడ్డంగా ఊపింది. మాకంటే ముందు కూడా వచ్చారట, ఇలాగే, పెట్టెలతో. నీళ్లిచ్చింది. పోలీసు స్టేషన్‌కు దారి రాసిచ్చింది. ఫిర్యాదు ఇచ్చాం, నంబరు ఇచ్చారు. డబ్బు ఈ రోజుకూ రాలేదు.

780 యూరోలంటే డెబ్బై వేల రూపాయల పైన. కొందరికి అది పెద్ద మొత్తం కాకపోవచ్చు. ఆ పిల్లవాడి నాయిన తువ్వాళ్ల మజూరీ మీద నాలుగు సాంచాలు నడిపేవాడు. బ్లాక్డ్ అకౌంట్‌కు డబ్బు చాలక అందులో రెండు అమ్మేశాడు. నడిచే సాంచాల ధరకు కాదు, పాత ఇనుము లెక్కన, కిలోల్లో తూచి. ఇప్పుడు చెప్పండి, ఆ కొడుకు ఫోన్ చేసి ఏమని చెబుతాడు?

చెప్పలేదు. మేమూ చెప్పలేదు. ముగ్గురం కూడబలుక్కున్నాం.

ఒక హాస్టల్‌లో దిగాం. చదువుల హాస్టల్ కాదు, యాత్రికులు రాత్రికింత అని కట్టి పడుకునేది. ఎనిమిది మందికి ఒక గది, మంచం మీద మంచం. రాత్రికి మనిషికి 31 యూరోలు. అక్కడ 19 రాత్రులు ఉన్నాం. వీడియో కాల్‌లో అమ్మలు "ఇల్లు చూపియ్యి బిడ్డా" అంటే ఏం చేయాలి? హాస్టల్ రిసెప్షన్‌లో ఒక మూల సోఫా, దాని వెనక ఒక పెద్ద ఆకుల చెట్టు కుండీ ఉండేవి. ఒకరి తర్వాత ఒకరం ఆ సోఫాలో కూర్చుని "ఇదే మా హాలు" అని మాట్లాడేవాళ్లం. మా అమ్మలు పక్కపక్క గల్లీల వాళ్లే గదా, బీడీలు చుట్టేటప్పుడు ఒక దగ్గర కూర్చుంటారు. రెండో వారంలో ఒకమ్మ అడగనే అడిగింది, "అందరి ఇంట్ల ఒకటే చెట్టు ఉన్నదేందిరా?" అని. ముగ్గురం ఒక్క ఇంట్లోనే ఉన్నామని ముందే చెప్పాం కాబట్టి బతికిపోయాం. నవ్వకండి. అంటే, నవ్వండి, మేమూ ఇప్పుడు నవ్వుతున్నాం. ఆ రాత్రి మాత్రం ఎవరికీ అన్నం సయించలేదు.

హాస్టల్ ఖర్చు మోయలేక ఇంక ఏం చేయాలా అనుకుంటున్నప్పుడు కాలేజీ క్యాంటీన్‌లో మేం తెలుగులో గొణుక్కోవడం విని ఒకతను తిరిగి చూశాడు. సేలం నుంచి వచ్చిన సీనియర్ అన్న. ఇంట్లో తెలుగు, బయట తమిళం. ఆయన తెలుగు మాకు కొంచెం వింతగా ఉంటుంది, మా మరాఠీ కలిసిన తెలుగు ఆయనకు వింతగా ఉంటుంది. వాళ్లింట్లోనూ మగ్గమే. సంగతి విని "మా రూముకు రాండి" అన్నాడు, అంతే. పద్నాలుగు చదరపు మీటర్ల గది. నేల మీద మా షోలాపూర్ చద్దర్లు రెండు పరుచుకుని, ఒకటి కప్పుకుని ముగ్గురం అడ్డంగా పడుకున్నాం. ఇరవై మూడు కిలోల సామానులో ఈ బరువెందుకని ఇంటి దగ్గర గొడవ పడి తెచ్చిన చద్దర్లు అవి. మా తాతకు మగ్గాల నడుమ దొరికిన చోటు ఇంతే ఉండి ఉంటుంది.

అక్కణ్ణించి ఇల్లు వెతికాం, ఈసారి కళ్లతో చూసి. 43 మెసేజులు పెడితే ఆరుగురు జవాబిచ్చారు, నలుగురు రమ్మన్నారు. ఒక ఇంటికి పోతే మెట్ల మీద ఇరవై మంది వరుసలో నిలబడి ఉన్నారు, రేషన్ దుకాణం ముందు నిలబడ్డట్టు. సేలం అన్న ఒక మంచి మాట చెప్పాడు. ఉట్టి "ఇల్లు ఖాళీ ఉందా" అని రాయకండి, సంబంధానికి బయోడేటా రాసినట్టు రాయండి అని. ఎవరం, ఏం చదువుతున్నాం, డబ్బు ఎక్కడుంది, సిగరెట్టు తాగుతామా, వాయిద్యం వాయిస్తామా అన్నీ. బ్లాక్డ్ అకౌంట్ పత్రం జత చేయమన్నాడు. రాశాం, జర్మన్‌లో, తప్పులతో.

నాలుగో ఇల్లు ఒక ముసలామెది. ఏం చదువుతున్నారని అడిగింది. బట్ట నేయడం గురించి అన్నాం. మీ ఇంట్లో ఎవరైనా నేస్తారా అంది. అందరూ అన్నాం. వాళ్లమ్మ ఇదే ఊళ్లో నూలు మిల్లులో పని చేసిందట. ఇంకేమీ అడగలేదు. ఆ మాటే మాకు షూఫా అయింది. నవంబరు ఒకటిన ఇంట్లో దిగాం.

దిగాం అంటే మీరేమనుకుంటున్నారో తెలుసు. మేమూ అదే అనుకున్నాం. తలుపు తీస్తే లోపల గోడలు, నేల, అంతే. వంటింట్లో గట్టు లేదు, సింకు లేదు, పొయ్యి లేదు. గోడలోంచి నీళ్ల పైపు ఒకటి బయటికి వచ్చి ఉంది. పైకప్పు నుంచి దీపం లేదు, రెండు వైర్లు వేలాడుతున్నాయి. దొంగలు పడ్డారేమో అనుకున్నాం. కాదు, అక్కడ చాలా ఇళ్లు అట్లాగే ఇస్తారు. ఉండి పోయేవాళ్లు పొయ్యి, అల్మారాలు, బల్బు దాకా విప్పుకుని పోతారు. మొదటి నాలుగు రాత్రులు ఫోన్ టార్చి వెలుగులో ఉన్నాం. పాత సామాన్ల యాప్‌లో పొయ్యి, సింకు, రెండు అల్మారాలు 280 యూరోలకు కొని, ఊరు ఆ చివర నుంచి ఈ చివరకు తోపుడు బండి అద్దెకు తీసుకుని తెచ్చాం. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. తెచ్చాక తెలిసింది, ఆ పొయ్యి తీగలు మనం ప్లగ్గులో పెట్టేవి కావు, ఎలక్ట్రీషియన్ వచ్చి బిగించాలని. ఆయన దొరకడానికి 12 రోజులు. ఆ పన్నెండు రోజులూ ఇంటి నుంచి తెచ్చిన చిన్న కుక్కర్‌లో అన్నం, గిన్నెలు బాత్‌టబ్‌లో కడగడం. పొయ్యి వెలిగిన రోజు పప్పుకు పోపు పెడితే హాల్లో పొగ అలారం మోగింది, పైవాళ్లూ కిందివాళ్లూ తలుపులు తీసి చూశారు. ఇప్పుడు పోపు పెట్టేటప్పుడు ఒకడు కిటికీ దగ్గర నిలబడతాడు. అది డ్యూటీ.

అద్దెలో రెండు రకాలని కూడా అప్పుడే తెలిసింది. ప్రకటనలో పెద్ద అక్షరాల్లో వేసేది ఉట్టి గోడల అద్దె, చల్లని అద్దె అంటారు. నీళ్లు, చెత్త, వేడి కలిపితే వెచ్చని అద్దె. మాది చల్లనిది 690, వెచ్చనిది 960. మనిషికి 320. కరెంటు మళ్లీ వేరు. డిపాజిట్‌గా మూడు నెలల చల్లని అద్దె, 2,070 యూరోలు, ఒకేసారి అడిగారు, సేలం అన్న దగ్గర చేబదులు తీసుకుని మరీ ఇచ్చేశాం. తర్వాత క్లాసులో ఒకమ్మాయి చెప్పింది, అక్కడి చట్టం ప్రకారం డిపాజిట్ మూడు నెలల చల్లని అద్దెకు మించకూడదని, దాన్ని మూడు సమాన వాయిదాల్లో కట్టే హక్కు అద్దెకుండేవాడికి ఉందని. ఆ సంగతి తెలిసుంటే మొదటి నెల మనిషికి 230తో సరిపోయేది, చేబదులు అక్కర్లేకపోయేది. పిల్లలూ, ఇది రాసుకోండి.

నమోదు అయింది, బ్యాంకు ఖాతా తెరిచాం, హమ్మయ్య అనుకున్నాం. మూడు వారాలైనా బ్యాంకు కార్డు రాదు, పన్ను నంబరు ఉత్తరం రాదు. పోయి అడిగితే, పంపాం, తిరిగొచ్చింది అన్నారు. ఎందుకంటే అక్కడ చాలా భవనాల్లో మనలాగా ఫ్లాటు నంబరు ఉండదు. కింద వరుసగా ఉత్తరాల డబ్బాలు, వాటి మీద ఇంటిపేర్లు. డబ్బా మీద పేరు లేకపోతే ఆ మనిషి ఆ ఇంట్లో లేనట్టే. మా డబ్బా మీద ఇంకా పాతవాళ్ల పేరే ఉంది. మూడు తెలుగు ఇంటిపేర్లు ఆ చిన్న పట్టీలో పట్టవు, అక్షరాలు ఎంత కుదించి రాసినా. చివరికి రెండు వరుసలుగా రాసి అంటించాం. ఆ సాయంత్రం ముగ్గురం కిందికి దిగి డబ్బా ముందు నిలబడి ఫోటో దిగాం. ఇంటికి పంపిన మొదటి నిజం ఫోటో అదే.

కానీ పాత అబద్ధం అట్లాగే ఉంది. ఫిబ్రవరి దాకా ఉంది. ఆ పిల్లవాడు నిద్రలో లేచి కూర్చునేవాడు. లైబ్రరీలో గంటకు ఇంత అని పని దొరికితే, ఆ జీతంలోంచి 780 కూడబెట్టి, తర్వాత ఎప్పుడో చెబుదాం అనుకున్నాడు. 300 దాకా పోగేశాడు. ఒక ఆదివారం ఇక ఆగలేక ఫోన్ చేశాడు. మేమిద్దరం పక్కనే ఉన్నాం. అవతల సాంచాల చప్పుడు వినిపిస్తోంది. మొత్తం చెప్పాడు. మధ్యలో చప్పుడు ఆగిపోయింది. నాయిన సాంచా బంద్ చేశాడన్నమాట. పైసల గురించి అంటాడేమో, తిడతాడేమో అని ఎదురుచూస్తున్నాం. ఆయన అడిగింది ఒకటే. "మరి అన్ని రోజులు యాడ పండుకున్నవ్రా?"

ఆ నాయిన ఇవాళ ఈ సభలోనే ఉన్నారు. ఎవరో చూపించం. అడగకండి.

అమ్మానాయినలకు మాదొక మనవి. ఫోన్‌లో "ఇల్లు దొరికిందా, దొరికిందా" అని రోజూ అడిగితే పిల్లలు దొరికిందనే చెబుతారు. మీ ఆశ చూసి చెబుతారు. మొదటి రెండు నెలలు ఇల్లు దొరకకపోవడం అక్కడ మామూలే, అది చేతగానితనం కాదు. పిల్లలకు చెప్పేది ఇంకా చిన్నది. మీరో, మీకు తెలిసిన మనిషో ఆ ఇంట్లో అడుగు పెట్టి చూడకుండా ఒక్క యూరో పంపకండి. యజమాని వేరే దేశంలో ఉన్నాడంటే అక్కడితో ఆపేయండి. నమోదుకు సంతకం పెట్టననే ఇల్లు ఎంత చవకైనా వద్దు. దిగిన రోజే గోడల మీది గీతలు కూడా ఫోటో తీసి, కాగితం మీద యజమాని సంతకం తీసుకోండి, ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్ దాని మీదే తిరిగొస్తుంది. ఇంకా చలికాలంలో గదిలో తడిబట్టలు ఆరేసి కిటికీలు మూసుకుంటే గోడకు బూజు పడుతుంది, ఆ ఖర్చు మనమీదే రాస్తారు. రోజుకు రెండు మూడుసార్లు కిటికీలు బార్లా తీయాలి, మంచు పడుతున్నా సరే. ఇది మాకు రెండో నెలలో బోధపడింది, గోడ చూపించింది.

సమాఖ్య పెద్దలను ఒకటి అడుగుతున్నాం. స్కాలర్‌షిప్పులు ఇస్తున్నారు, సంతోషం. దానితో పాటు ఒక పట్టిక పెట్టండి. షోలాపూర్, భివండీ, బెంగళూరు, సేలం, యానాం, బరంపురం, ఎక్కడి పిల్లలైనా సరే, ఏ దేశంలో ఏ ఊళ్లో మనవాళ్లు చదువుతున్నారు, వాళ్లలో ఎవరు వారం పది రోజులు నేల మీద చోటివ్వగలరు, ఎవరు వెళ్లి ఒక ఇల్లు కళ్లతో చూసి రాగలరు అని. డబ్బు ఖర్చు లేని పని. మ్యోన్షెన్‌గ్లాడ్‌బాఖ్ కింద మా మూడు పేర్లు ముందుగా రాసుకోండి. సేలం అన్నను కూడా అడిగాం, రాయమన్నాడు.

ఈ సెప్టెంబరులో మా ఊరికి వస్తున్న ఇద్దరు పిల్లలు ఇక్కడే ఉన్నారని విన్నాం. భోజనాల దగ్గర ఎడమ పక్క బల్ల మీద ఉంటాం. మీరు చూసిపెట్టుకున్న ఇళ్ల ఫోటోలు ఫోన్‌లో ఉంటే తీసుకురండి. కిటికీలో పూలకుండీ ఉంటే ముందు అదే చూపించండి.